కుండమార్పిడి

మా వీధిలో కాలేజీ చదువుతున్న ఒక పిల్ల ఉంది. నా కళ్లకు పొర కమ్మినప్పటి నుంచి సాయంత్రాలు వచ్చి పుస్తకాలు చదివి వినిపిస్తుంది. మొన్న ఒక కొత్త నవల తెచ్చింది. ఒక కుటుంబం, మారిపోతున్న కాలం, అందరి నెత్తి మీదా విధి. రాసినాయన మంచి రాతగాడే, కాదనను. కానీ ఎవరింట్లో ఏం జరిగినా 'విధి ఆడిన నాటకం' అంటాడు. మనిషి చస్తే విధి, పెళ్లి చెడితే విధి. వినీ వినీ నాకు చిర్రెత్తింది. "ఆపవే తల్లీ, ఆ విధికి ఇంకేం పని లేదా?" అన్నాను.

పిల్ల నవ్వింది. "అవ్వా, నీకు విధి మీద నమ్మకం లేదా?" అంది.

నమ్మకం లేకేం! విధిని నేను కళ్లారా చూశాను. మా దగ్గర దానికి గూడుబండి ఉండేది, రెండు ఎడ్లుండేవి, పొద్దున్నే బయలుదేరదీసే మనుషులుండేవాళ్లు. అది ఆకాశం నుంచి ఊడిపడలేదు. చావడిలో కూర్చుని, తాంబూలం నములుతూ, మంచి మనుషులే దాన్ని నిర్ణయించారు. ఆ మాట చెబితే పిల్ల పుస్తకం మూసి కాగితం తీసింది. నేను చెబుతున్నాను, ఆమె రాస్తున్నది. నా భాషను పుస్తకాల భాషలోకి దిద్దుతానంటే సరే అన్నాను. నా కోపాన్ని మాత్రం దిద్దొద్దని చెప్పాను.

కుండమార్పిడి అంటే ఈ కాలపు పిల్లలకు తెలియదు. మా ఇంటి ఆడపిల్ల మీ ఇంటికి, మీ ఇంటి ఆడపిల్ల మా ఇంటికి. ఇచ్చేదీ లేదు, పుచ్చుకునేదీ లేదు. ఒకే పందిరి, ఒకే డప్పు, ఒకే వంట. మా అన్నకు వాళ్ల పిల్లను చేసుకున్నారు, వాళ్ల కొడుకుకు నన్నిచ్చారు. మా నాయిన అప్పటికే లేడు. ఇద్దరు పిల్లల్ని పెంచిన మా అమ్మకు ఇంతకంటే తేలికైన దారి కనిపించలేదు. పెద్దల ధైర్యమంతా ఒక్కటే. నా బిడ్డను నువ్వు ఏడిపిస్తే నీ బిడ్డ నా చేతిలో ఉంది. ఆ మాట నోటితో ఎవరూ అనరు. అనాల్సిన అవసరమూ లేదు.

మా ఊరు దేవరకొండ వైపు. ఎర్ర నేల, బండరాళ్లు, ఎటు చూసినా ఆముదం చేలు. వాళ్లది అమ్రాబాద్ వైపు, నల్లమల అంచున. నడుమ డిండి వాగు. నిజాం కాలం. దొర చెప్పిందే చట్టం, పటేలు పిలిస్తే వెట్టికి పోవాల్సిందే.

మా అన్న భార్య కాబట్టి ఆమె నాకు వదినె. వాళ్లన్న భార్యను కాబట్టి నేను ఆమెకు వదినెను. ఇద్దరం ఒకరినొకరు వదినె అనే పిలుచుకునేవాళ్లం. "ఇద్దరూ వదినెలే అయితే మరి మరదలెవరే? దబాయించేదెవరు, పడేదెవరు?" అని ఊళ్లో ఆడవాళ్లు నవ్వేవాళ్లు. విచిత్రమేమంటే, పెళ్లిపందిరి దాటిన తర్వాత మేమిద్దరం ఒక ఇంట్లో ఒక పూట కూడా ఉండలేదు. నేను పుట్టింటికి పోతే ఆమె కూడా తన పుట్టింటికి పోవాలి. లేకపోతే లెక్క తప్పుతుంది. బతుకమ్మ పండుగకు రెండు ఊళ్ల నుంచి రెండు బండ్లు ఒకే పొద్దున కదిలేవి. మధ్యాహ్నానికి వాగు దగ్గర ఎదురయ్యేవి. మా వైపు బండిని మా చిన్నాయిన తోలుకొచ్చేవాడు, వాళ్ల వైపు బండిని మా ఆయన. అక్కడ మేం దిగి బండ్లు మారేవాళ్లం. ఎడ్లు నీళ్లు తాగినంతసేపే మా స్నేహం.

ఆ కాసేపట్లోనే ఎన్ని మాటలో! ఆమె గలగలా మాట్లాడే మనిషి. "మీ అమ్మ మంచిదే వదినె, కూరల ఉప్పే మరిచిపోతది. మీ అన్ననైతే నన్నే మరిచిపోతడు" అని పకపకా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆ రెండో మాటలో బాధ ఉందని అప్పుడే తెలుసు నాకు. తెలిసీ నవ్వాను, ఏడిస్తే ఎడ్లు ఆగుతాయా?

కుండమార్పిడిలో ఒక చోట కొడితే ఇంకో చోట వాస్తుంది. మా రెండు ఊళ్ల మధ్య గాజులమ్ముకునే ఒక ముసలమ్మ తిరిగేది. ఆమె మా గడప ఎక్కడం ఆలస్యం, మా అత్త చేతిలో పని వదిలేసి అడిగేది.

"నా బిడ్డ ఎట్లున్నది?"

"ఉన్నది గానీ జర చిక్కింది."

అయిపోయింది! ఆ పూట నా జొన్న గట్కలోకి పప్పు ఉండేది కాదు. అదే గాజులామె "మంచిగున్నది, కొత్త చీర కట్టింది" అని చెబితే మా అత్త నన్ను కూర్చోబెట్టి తలకు నూనె పెట్టేది. దువ్వుతూ పాటలు కూడా పాడేది. ఒకసారి తట్టుకోలేక గాజులామెను వెనక వాకిట్లోకి లాగి, "అవ్వా, నీకు దండం పెడత. మా వదినెను చూసినా చూడకున్నా మంచిగున్నదనే చెప్పు. నా కడుపు మాడుతున్నది" అని బతిమాలాను. ఆమె నోరు నొక్కుకుని నవ్వింది. ఆ తర్వాత చాలాకాలం మా వదినె చిక్కనే లేదు.

మా అత్తను రాక్షసి అనను. బిడ్డ కోసం కొట్టుకునే తల్లి ఆమె. కానీ ఆమె మీద నాకు అప్పుడు కోపం ఉండేది, ఇప్పుడూ ఉంది. అర్థమైనంత మాత్రాన కోపం పోవాలని ఎక్కడా లేదు.

మా ఆయన గురించి చెప్పాలి. నోట్లో నాలుక లేని మనిషి. తల్లి కూర్చోమంటే కూర్చునేవాడు, లేవమంటే లేచేవాడు. కానీ సీతాఫలాల కాలం వస్తే అడవి అంచున చెట్టునే పండినవి ఏరి, తుండులో మూటకట్టి, గడ్డివాములో దాచేవాడు. మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుంటే ఇద్దరం వాము చాటున కూర్చుని తినేవాళ్లం. గింజలు ఊస్తే చప్పుడవుతుందని చేతిలోకి తీసుకునేవాళ్లం. "నీకు పెద్దది" అని ఎప్పుడూ నాకే ఇచ్చేవాడు. ఆయనంటే నాకు ప్రాణం. ఈ వయసులో చెప్పడానికి సిగ్గెందుకు? మా ఇద్దరికీ ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల పుట్టాక మా అత్త కూడా కొంత మెత్తబడింది.

అక్కడ మా అన్న కాపురం వేరు. అన్న చెడ్డవాడు కాదు. కొట్టలేదు, తిట్టలేదు. చూడలేదు, అంతే. అతని మనసు ఇంట్లో లేదు. దొర పెళ్లికి బండి కట్టమని పటేలు కబురు పెడితే, మా అన్న ఎడ్లను విప్పి చేలోకి తోలాడు. "నా ఎడ్లు నా చేను దున్నుతయి, దొర పల్లకి మొయ్యవు" అన్నాడట. ఊరు ఊరంతా నోరు వెళ్లబెట్టింది. ఆ మాట విని నేను గర్వంతో పొంగిపోయాను. ఆ తర్వాత సంఘం వాళ్లు, మీటింగులు, లాఠీలు, వారెంట్లు. చివరికి మా అన్న అడవి పట్టాడు.

కబురు తెలిసిన పొద్దున మా అత్త పొయ్యి ముందు నుంచి లేచింది. "మొగడు లేని ఇంట్ల నా బిడ్డెందుకు? పోలీసులొచ్చి తలుపులు గుద్దుతుంటే నా బిడ్డ గడప కాయాల్నా? బండి కట్టురా" అంది మా ఆయనతో. ఆమె బిడ్డ ఇటు రావాలంటే నేను అటు పోవాలి. ఎవరూ వివరించలేదు. నేనే లోపలికి పోయి బట్టలు మూట కట్టుకున్నాను. బిడ్డ అప్పటికి ఒళ్లోది, దాన్ని ఎత్తుకున్నాను. పండుగకు పోయినప్పుడు తిరిగి వస్తానని తెలుసు. ఈసారి పోతే తిరిగి రానని మా ఎడ్లకు కూడా తెలుసు.

అత్త పంపిన కబురుకు అటు నుంచి బండి కూడా కదిలింది. వాగు దగ్గర రెండు బండ్లూ ఆగాయి. మా వదినె దిగింది. నా మొహం చూసింది, నా ఒళ్లో పిల్లను చూసింది. వాళ్లన్న దగ్గరికి పోయి నిలబడింది.

"నేను రానన్నా."

"అమ్మ తోలుకరమ్మన్నది" అన్నాడు ఆయన.

"అమ్మకు చెప్పు, రానన్నదని. నేనొస్తే నా కడుపు నిండుతది. గీమె కడుపు ఎండుతది. నాకు మొగడు లేడు, పిల్లల్లేరు. యాడున్నా ఒకటే. గీమె ఇల్లెందుకు కూలగొట్టాలె?"

చెప్పి నా వైపు తిరిగింది. నేను ఆమెనే చూస్తున్నాను. "ఏందట్ల చూస్తవు వదినె? పొయ్యి మీద ఏం పెట్టొచ్చినవో ఏమో, మాడిపోతది. పో" అంది. మా అమ్మ పంపిన బండిలోకే తిరిగి ఎక్కి కూర్చుంది. మా చిన్నాయిన నా వైపు, ఆమె వైపు చూసి, ఏమనాలో తెలియక ఎడ్లను అదిలించాడు. దారి పొడుగునా మా ఆయన నాతో మాట్లాడలేదు కానీ, పాట ఏదో కూనిరాగం తీశాడు. పాడటం రాని మనిషి. నేను ఏడుస్తూ నవ్వాను.

కన్నబిడ్డే రానంటే మా అత్త ఏం చేస్తుంది? "నా కడుపున పుట్టి నా మాట కాదన్నది" అని కొన్నాళ్లు అన్నం మానేసింది. నన్ను చూస్తే మొహం తిప్పుకునేది. కానీ బండి కట్టమని మళ్లీ అనలేదు.

అట్లా నా కాపురం నిలబడింది. నిలబడిందంటే ఎట్లా నిలబడింది! మా ఊళ్లో దొర మనుషులు పుట్టింటి మీద పడి కుండలు పగలగొట్టారని, అన్న ఎక్కడున్నాడో చెప్పమని మా వదినెను ఎండలో నిలబెట్టారని గాజులామె చెప్పింది. ఆ పూట నేను ముద్ద మింగలేకపోయాను. మింగకపోతే బిడ్డకు పాలు లేవు. మింగాను. వాకిట్లో కుక్క మొరిగినా అదిరిపడేదాన్ని, బండి వచ్చిందేమోనని. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ నా బతుకు. బిడ్డ పాకింది, నిలబడింది, నడిచింది. నడుస్తున్న ప్రతి అడుగూ మా వదినె పెట్టిన భిక్షే అనుకునేదాన్ని.

ఆ తర్వాత ఒక పట్టపగలు మా అన్న మా అత్తగారి ఇంటికే వచ్చాడు.

కందులు ఇంటికొచ్చిన కాలం. నేను వాకిట్లో చెరుగుతున్నాను. మా ఆయన బండి ఇరుసుకు ఆముదం పూస్తున్నాడు. భుజాన గొంగడి, గడ్డం పెరిగి, గొర్లకాపరిలా ఒకడు లోపలికి వచ్చాడు. "చెల్లె" అని పిలిచేదాకా గుర్తుపట్టలేదు. చేట వదిలేసి పోయి కాళ్లకు చుట్టుకున్నాను. బొక్కలు తప్ప కండ లేదు. అంబలి పోసి ఇస్తే నిలబడే తాగాడు. మేనకోడలిని ఎత్తుకుని ముద్దులాడాడు. మా అత్త మంచం మీద నుంచి చూస్తూనే ఉంది.

"అత్తా, ఒక మాట చెప్పిపోదామని వచ్చిన" అన్నాడు అన్న. "నేను మీ బిడ్డకు అన్యాయం చేస్తున్న. నా బతుకు ఇయ్యాల ఉంటది, రేపుండదు. ఆమె నాకోసం కండ్లు కాయలు కాసేటట్టు ఎందుకు ఎదురుచూడాలె? ఆమెను నేను ఇడిసిపెడుతున్న. నచ్చినోణ్ని చేసుకోమను. ఎవడన్న అడ్డమొస్తే మా సంఘం చూసుకుంటది."

మా అన్నకు మీటింగుల అలవాటు కదా, ఎవరూ మాట్లాడకపోతే ఇంకా గట్టిగా మాట్లాడతాడు.

"అసలు గీ కుండమార్పిడేంది అత్తా? నీదాన్ని నాకియ్యి, నాదాన్ని నీకిస్త అని మార్చుకునేటందుకు ఆడోళ్లేమన్న ఎడ్లా, గొడ్లా? గిసొంటి పాత పద్ధతులన్నీ పోవాలె."

ఆ మాటల్లో ఒక్క అబద్ధం లేదు. ఇప్పటికీ ఏ సభలో ఎవరు ఆ మాట అన్నా నేను చప్పట్లు కొడతాను. కానీ ఆ రోజు ఆ నిజం నా మెడకు ఉరితాడులా చుట్టుకుంది.

మా అత్త నెమ్మదిగా అడిగింది. "ఇంకొకతె ఉన్నదా అల్లుడా?"

అన్న తన చేతిలోని ఖాళీ ముంతను చూశాడు. "ఉన్నది. మాతోనే తిరుగుతది. దండలు మార్చుకున్నం."

"అన్నా, మరి నేను?" అన్నాను నేను.

అతనికి నిజంగా అర్థం కాలేదు. "నీకేమైంది చెల్లె? నీ మొగడు మంచోడు, నీ కాపురం మంచిగున్నది. నా ముడి నాది, నీ ముడి నీది."

మా అత్త కొంగు సర్దుకుంది. "ఒక్క తాడే అల్లుడా. కొసలే రెండు" అంది.

అప్పుడు తెలిసింది మా అన్నకు. మొహం నల్లబడింది. "ఎవడు పంపుతడో చూస్త! బావా, నువ్వు చెప్పు, పంపుతవా?" అని మా ఆయన మీదికి పోయాడు. మా ఆయన ఆముదం చేతులు గడ్డితో తుడుచుకుంటూ నిలబడ్డాడు. అంతలో వీధిలో ఎవరో పరిగెత్తుకొచ్చి, పటేలు మనుషులు ఇటే వస్తున్నారని చెప్పారు. అన్న గొంగడి కప్పుకుని గోడ దూకాడు. "మళ్లొస్త చెల్లె, ఫికర్ చెయ్యకు" అన్నాడు. రాలేదు. అడవిలో ఉన్నవాడు ఎట్లా వస్తాడు? ముడి విప్పడం మంచిదే. ఆ ముడిలో ఎవరి వేలు ఇరుక్కుందో చూసి విప్పాలి. దొరను ఎదిరించినవాడికి ఈ చిన్న సంగతి తట్టలేదు. ఏం చదివిండ్రో, ఏం చెప్పుకున్నరో ఆ మీటింగుల్లో!

కులపెద్దలు చావడిలో కూర్చున్నారు. మగడే వదిలేశానని నోటితో చెప్పాక మా వదినె అత్తింట్లో ఉండటానికి లేదన్నారు. మా అమ్మ అంత దూరం వచ్చి, కొంగు పరిచి అడిగింది. "కోడలుగ వద్దు. నా కడుపున పుట్టిన బిడ్డ లెక్క ఉంచుకుంట. నా పిల్ల కాపురం కూల్చకుండ్రి." పెద్దలు జాలిపడ్డారు. జాలిపడే తీర్పు చెప్పారు. ఎవరి బిడ్డ వాళ్లింటికి. నడిచే వయసొచ్చింది కాబట్టి పిల్ల తండ్రి ఇంటిది.

"నువ్వేమంటవురా?" అని చివర్లో మా ఆయనను అడిగారు.

ఆ ఒక్క క్షణం కోసం నేను ఎన్ని మొక్కులు మొక్కానో. ఒక్క మాట, 'పంపను' అంటే చాలు. పెద్దలు కేకలేసేవాళ్లు, కులం వెలేస్తే వేసేది, ఏమైనా అయ్యేది. ఆయన నేల చూస్తూ, "అమ్మ ఎట్లంటే అట్ల" అన్నాడు. మెతక మనిషని మురిసిపోయాను ఇన్నాళ్లు. మెత్తటి మట్టితో గోడ నిలుస్తుందా?

పిల్లను అత్త దగ్గరే వదిలి పోదామంటే, అది నా మెడ వదలలేదు. "వాగు దాకా తీసుకపో. ఆడ మేనత్త చేతికియ్యి. వచ్చేటప్పటికి దానికి అలవాటైతది" అంది మా అత్త. దూడను మరిపించే తెలివి అది. ఆమె కళ్లలో కూడా నీళ్లున్నాయి. ఉంటే ఏం? నీళ్లున్న కళ్లతోనే బండి ఎక్కించింది.

దారంతా పిల్లకు సంబరం. బండి అంటే దానికి ఇష్టం. చెట్టు కనిపిస్తే చెట్టు, కొంగ కనిపిస్తే కొంగ, అన్నీ చూపించి నన్ను చూడమనేది. చూశాను.

వాగు దగ్గర మా వదినె అప్పటికే వచ్చి రాయి మీద కూర్చుని ఉంది. మనిషి సగమైంది. లేచి వచ్చి నా చేయి పట్టుకుంది.

"ఈసారి నా చేతుల లేదు వదినె. ఉంటనంటే కూడ ఉండనియ్యలే."

"ఎరుకే" అన్నాను.

ఆమె మీద ఒక్క వెంట్రుకంత కోపం లేదు నాకు. ఏడవడానికి సమయం లేదు, ఎడ్లు తాగుతున్నాయి. చెప్పాల్సినవి గబగబా చెప్పాను. గట్కలో పెరుగు కలిపితేనే తింటుంది. ఉల్లిగడ్డ నోట్లో పెడితే ఊసేస్తుంది. ఉరుము ఉరిమితే ఎత్తుకోవాలి. నిద్ర వస్తే ఎత్తుకున్నవాళ్ల చెవి పట్టుకుంటుంది, పట్టుకోనియ్యాలి. మా వదినె ఒక్కొక్కదానికీ తల ఊపింది, బడిలో పాఠం నేర్చుకుంటున్నట్టు.

పిల్ల ఎండకు అలిసి నా భుజం మీద వాలింది. చేయి నా చెవి మీదికి వచ్చింది. అది గాఢంగా నిద్రపోయేదాకా ఆగితే బాగుండేది. మా ఆయన, "ఎండ ముదురుతున్నది, పోదాం" అన్నాడు. ఆ రోజంతా ఆయన మాట్లాడిన మాట అదొక్కటే. "నీ నోరు పడిపోను!" అని అరిచాను. నా జీవితంలో మొగుణ్ని తిట్టింది అదే మొదలు, అదే ఆఖరు. పిల్ల ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

మా వదినె దగ్గరికి జరిగి తల వంచింది. పిల్ల రెండో చేతిని తీసి తన చెవి మీద పెట్టుకుంది. కాసేపు పిల్ల మా ఇద్దరి చెవులూ పట్టుకుని ఉంది, మా తలలు రెండూ ఆనుకుని ఉన్నాయి. కళ్లు మూతలు పడ్డాయి. నేను నా తల మెల్లగా వెనక్కి తీసుకున్నాను.

మా బండి గట్టు ఎక్కాక పిల్ల ఏడుపు వినిపించింది. చిన్నాయినను ఆపమన్నాను. ఆపలేదు. దూకబోతే, నన్ను తీసుకుపోవడానికి బండిలో వచ్చిన మా అమ్మ నడుము పట్టుకుంది.

ఆ తర్వాత ఏం చెప్పను? ఆముదం కాయలు కొట్టాను, కలుపు తీశాను, వండాను, తిన్నాను. మనిషి చావదు. మా ఆయనకు మళ్లీ పెళ్లి చేశారని గాజులామె చెప్పింది. ఈసారి మార్పిడి లేదు, మామూలు పెళ్లి. పిల్ల మా వదినె దగ్గరే పడుకుంటుందని చెప్పింది. నేను ఇంకేమీ అడగలేదు.

ఆ కాలం కూడా మారింది. మిలటరీ వచ్చింది. నిజాం రాజ్యం పోయిందని ఊళ్లో టముకు వేశారు. మా దొర గడీకి తాళం వేసి పట్నం పారిపోయాడు. వెట్టి చేసిన చేతులతోనే జనం గడీ తలుపులు తట్టి చూసి వచ్చారు. మా అన్న మాత్రం అడవిలోనే ఉన్నాడు. కొత్త సర్కారు కూడా అతన్ని పట్టుకోవాలని వెతుకుతున్నది. "ఇగ అన్నీ మారినయి, పాత కట్లన్నీ తెగినయి" అని అందరూ అంటుంటే నాకు పిచ్చి ఆశ పుట్టింది. దొరే పోయినప్పుడు పెద్దల తీర్పు మాత్రం పోదా? నా బిడ్డను తెచ్చుకుంటానన్నాను. మా అమ్మ వద్దనలేదు, పొమ్మనలేదు. ఈసారి బండి లేదు. నడిచి పోయాను. వాగులో నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి.

ఇల్లు అట్లాగే ఉంది. వాకిట్లో ఒక పిల్ల కడుపుతో, అలికిన చోట ముగ్గు వేస్తున్నది. నేనెవరో తెలియక చాప వేసి, కూర్చోమని, దూరం నుంచి వచ్చావా అని అడిగింది. మంచి పిల్ల. మా అత్త మంచానికి అంటుకుపోయింది. నన్ను చూసి మూలిగింది, మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆయన చేనుకు పోయాడట.

మా వదినె వెనక వాకిలి నుంచి నీళ్ల కడవతో వచ్చింది. ఆమె కొంగు పట్టుకుని నా బిడ్డ. పొడుగైంది. రెండు జడలు, వాటికి చామంతి పూలు. వదినె నన్ను చూసి అక్కడే ఆగిపోయింది. కడవ దించడం కూడా మరిచిపోయింది. నచ్చినవాణ్ని చేసుకోవచ్చని మా అన్న ఇచ్చిపోయిన స్వాతంత్ర్యం ఆమె దగ్గర ముట్టుకోకుండా అట్లాగే ఉంది. ఆమెకు ఉన్నదల్లా ఆ కొంగు పట్టుకున్న చెయ్యి.

"అమ్మా, ఎవరే ఈమె?" అంది పిల్ల ఆమెతో.

వదినె పెదవులు కదిలాయి. నా వైపే చూస్తున్నది. నువ్వు ఏం చెప్పమంటే అదే చెబుతానన్నట్టు చూస్తున్నది. చెప్పేదే. ఆ మనిషి నా కోసం అంతకు ముందు ఒకసారి బండి ఎక్కనని అన్న మనిషి. నేను ఊ అంటే పిల్లను నా ముందుకు తోసి, తను లోపలికి పోయి తలుపు వేసుకునేది. దారంతా ఎన్ని మాటలు కూడబెట్టుకుని వచ్చానో. ఒక మెడ నుంచి గుంజేసిన పిల్లను రెండో మెడ నుంచి గుంజడానికి నాకు చేతులు రాలేదు.

"మీ అత్తను బిడ్డా" అన్నాను నేనే.

వదినె కడవ దించి, గోడ వైపు తిరిగి నిలబడింది. పిల్లకు ఇవేమీ పట్టలేదు. లోపలికి పరిగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఇల్లంతా చూపించింది. తన లేగదూడను చూపించింది. నా గాజులు లెక్కపెట్టింది. కూర్చుని, మొహం మొహంలో పెట్టి తేరిపార చూసింది.

"అత్తమ్మా, నువ్వొక్కదానివే వచ్చినవేంది? నీకు పిల్లల్లేరా?"

"లేరు బిడ్డా" అన్నాను.